ఆ ఒక్క వాక్యం సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా సైకిలు కొనేవాళ్లకు సలహాలిస్తూ గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గేర్లు ఎన్ని ఉండాలి, ఫ్రేము ఉక్కుదా అల్యూమినియందా, డిస్కు బ్రేకులా రిమ్ము బ్రేకులా అన్న చర్చతో పేజీ దాదాపు నిండిపోయింది. సీటు, హ్యాండిల్, పెడళ్ల వంటివి మాత్రం ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్లు ఎంచుకోవచ్చునని చివర్లో ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యంలో తప్పు లేదు. కానీ సైకిలు మీద మనిషి ఒళ్లు ఆనేది ఆ మూడు చోట్లే. గేర్లు ఎన్ని ఉన్నా, ఫ్రేము ఎంత తేలికైనదైనా, అరగంటకే అరచేతులు మొద్దుబారితే ఆ సైకిలు గోడకు ఆనించి పెట్టడానికే పనికొస్తుంది. కొని మూలన పడేసిన సైకిళ్లు చాలా చూశాను. వాటిలో చెడిపోయినవి తక్కువ, మనిషికి సరిపడనివే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

నా ఎత్తు 152 సెంటీమీటర్లు. వయసు యాభై దాటింది. ఉద్యోగానికి సైకిలు మీదే వెళ్లొస్తాను, సెలవు రోజుల్లో మా అన్నయ్యతో కలిసి దూరం వెళతాను. ఆయన ఎత్తు 181. ఇద్దరం ఒకే దారిలో ఒకే వేగంతో తొక్కుతాం. అయినా ఆయన సైకిలుకున్న సీటు, హ్యాండిల్, పెడళ్లు బిగించే క్రాంకులు, టైర్లలో గాలి, వీటిలో ఒక్కటీ నాకు నప్పదు. నావి ఆయనకూ నప్పవు. ఇవన్నీ మంచి కంపెనీల వస్తువులే. లోపం వస్తువులో లేనప్పుడు ఏది మంచిది అని అడగడం వల్ల లాభం లేదు, ఎవరికి మంచిది అని అడగాలి.

సీటు సంగతే చూడండి. మెత్తగా ఉంటే సుఖమని అందరూ అనుకుంటారు. మీ వ్యాసంలోనూ జెల్ కవరు తొడుక్కోమన్నారు. పది నిమిషాల ప్రయాణానికి అది పనికొస్తుంది. గంట దాటితే కథ మారిపోతుంది. కూర్చున్నప్పుడు మన బరువు మోయవలసినవి కటి అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనిదైతే అవి అందులోకి దిగబడిపోతాయి, మధ్యలో ఉబికిన మెత్త నరాలూ రక్తనాళాలూ ఉండే సున్నితమైన భాగాన్ని కింది నుంచి నొక్కుతుంది. తిమ్మిరి అలాగే పుడుతుంది. అది చూసి ఇంకా మెత్తని కవరు కొంటారు, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. కాస్త గట్టిగా ఉండి, ఆ రెండు ఎముకలకూ సరిగ్గా చోటిచ్చే వెడల్పున్న సీటు మొదట్లో కటువుగా అనిపించినా దూరం వెళ్లేకొద్దీ ఒంటికి అలవాటవుతుంది.

ఆ వెడల్పు కొలుచుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పార్సిళ్ల పెట్టెలకు వాడే ముడతల అట్ట ముక్కను గట్టి బల్ల మీద పరిచి, దాని మీద కాసేపు కూర్చుని లేస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడిమి దూరాన్ని స్కేలుతో కొలిచి, దానికి కొంత కలుపుకోవాలి. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లు ఎక్కువ కలుపుకోవాలి, ముందుకు వంగి తొక్కేవాళ్లకు తక్కువ చాలు. ఎందుకంటే వంగినప్పుడు కటి ముందుకు తిరిగి, ఎముకలు దగ్గరగా ఉన్న భాగం సీటుకు తాకుతుంది. నా కొలత 125 మిల్లీమీటర్లు వచ్చింది, అన్నయ్యది 108. నేను 155 మిల్లీమీటర్ల సీటు వాడుతున్నాను. ఆయన 143 దానితో హాయిగా ఉన్నారు. ఆడవాళ్లకు ఈ దూరం సగటున కొంచెం ఎక్కువన్న మాట నిజం. అంతమాత్రాన ఆడవాళ్లందరికీ వెడల్పాటి మెత్తని సీటు బిగించి పంపడం న్యాయం కాదు. నాకు తెలిసిన ఒకావిడ సన్నని సీటు లేకపోతే తొడలు ఒరుసుకుపోతాయని అంటారు. ఆవిడ ఎముకల మధ్య దూరం మా అన్నయ్యదానికంటే తక్కువ.

సీటు మధ్యలో గాడి ఉండాలా వద్దా అన్నది కూడా అలాంటిదే. కొందరికి గాడి ఉంటే ఒత్తిడి తగ్గుతుంది, కొందరికి ఆ గాడి అంచులే గుచ్చుకుంటాయి. అన్నయ్య ఈ మధ్య తోలు సీటుకు మారారు. 1866లో ఇంగ్లండ్‌లో మొదలైన బ్రూక్స్ సంస్థ నేటికీ తయారుచేస్తున్న రకం అది. మెత్త అంటూ ఏమీ లేకుండా, మందపాటి తోలును ఇనుప చట్రానికి బిగలాగి బిగిస్తారు. వాడుతున్నకొద్దీ ఆ తోలు తొక్కేవాడి ఎముకల చోట్ల కుంగి అతని ఆకారానికి వస్తుంది. వదులైతే ముందున్న బోల్టు తిప్పి మళ్లీ లాగవచ్చు. వానలో తడవకుండా చూసుకోవాలి, అప్పుడప్పుడు మైనం పట్టించాలి. ఆయనకు ఆ చాకిరీ ఇష్టం. నాకు అంత ఓపిక లేదు, వానలో వదిలేసి వెళ్లగలిగే సీటే నాకు కావాలి. ఇష్టమంటే ఇలాంటి సంగతులు కూడా అందులో భాగమే. ఏ సీటు ఎంత మన్నుతుందో చెప్పే పట్టికల్లో వస్తువును మనిషి ఎలా చూసుకుంటాడన్నది ఉండదు.

ఇక క్రాంకులు. పెడల్‌ను ఇరుసుకు కలిపే ఆ కడ్డీల పొడవు గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, అమ్మేవాళ్లే దాని గురించి మాట్లాడరు. పెద్దవాళ్ల సైకిళ్లలో ఎక్కువగా కనిపించేవి 170 మిల్లీమీటర్లవి, కొన్నిటికి 175 ఉంటాయి. నా కాలు పొడవు 69 సెంటీమీటర్లు, అన్నయ్యది 86. ఇద్దరి కాళ్లూ ఒకే వృత్తంలో తిరగాలనడం ఇద్దరికీ ఒకే నంబరు కళ్లద్దాలు ఇవ్వడం లాంటిది. 170 క్రాంకులతో తొక్కినన్నాళ్లూ పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ నా మోకాలు పొట్టకేసి వచ్చేది, తుంటి దగ్గర పట్టేసేది. ఇప్పుడు 155 వాడుతున్నాను. తేడా 15 మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. పెడల్ కిందికి వెళ్లినప్పుడు 15 మిల్లీమీటర్లు పైనే ఆగుతుంది కాబట్టి సీటును అంత ఎత్తు పెంచాను. పైకి వచ్చినప్పుడు పెడల్ మరో 15 తక్కువ ఎత్తుకే వస్తుంది. రెండూ కలిపితే పెడల్ పై చివరన ఉన్నప్పుడు సీటుకూ దానికీ నడుమ 30 మిల్లీమీటర్ల చోటు పెరిగింది. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకూ, తుంటి ఎక్కువగా మడవలేనివాళ్లకూ ఈ చోటు ఎంత విలువైనదో అనుభవిస్తేనే తెలుస్తుంది.

పొట్టి క్రాంకులతో బలం తగ్గిపోతుందని చాలామంది భయపెడతారు. 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా ఐదు రకాల పొడవులతో అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2001లో వెలువడింది. గరిష్ఠ శక్తిలో అన్నిటికంటే మెరుగైనదానికీ అన్నిటికంటే తక్కువదానికీ తేడా నాలుగు శాతం దగ్గరే తేలింది. 120, 220 అన్నవి మామూలు సైకిళ్లలో ఎవరూ బిగించుకోనంత దూరపు కొసలు. ఆ మధ్యలో ఉన్న కొలతల్లో తనకు నప్పినదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి బాగానే ఉందన్నమాట. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. క్రాంకు పొట్టిదైనకొద్దీ ఎత్తు ఎక్కేటప్పుడు అదే గేరు కాస్త బరువుగా తోస్తుంది, వెనక ఒక పెద్ద పళ్ల చక్రం ఉంటే మంచిది. మీ సైకిలు క్రాంకు పొడవు ఎంతో తెలియకపోతే పెడల్ బిగించిన చోట కడ్డీ లోపలి వైపు చూడండి, చాలావాటికి అక్కడే అంకె చెక్కి ఉంటుంది.

హ్యాండిల్ దగ్గర నా గోడు వేరు. నాకు రెండేళ్లపాటు కుడిచేతి చిటికెనవేలూ దాని పక్కవేలూ తిమ్మిరెక్కేవి. అరచేతి అంచు గుండా వెళ్లే నరం మీద బరువు పడితే ఆ రెండు వేళ్లకే తిమ్మిరి వస్తుంది, సైకిలు తొక్కేవాళ్లలో చాలామందికి తెలిసిన బాధే ఇది. సైకిలు అమ్మిన దుకాణంలో చూపిస్తే మందపాటి గ్రిప్పులు వేసి పంపారు. నా చేతులు చిన్నవి. గ్రిప్పు మందమైతే పిడికిలి సరిగ్గా పట్టదు, పట్టు కోసం ఇంకా గట్టిగా బిగించాలి, అరచేతి మీద భారం ఇంకా పెరుగుతుంది. మళ్లీ వెళితే సీటును ముందుకు జరిపారు. దానివల్ల హ్యాండిల్ దగ్గరైనట్టు కనిపించింది గానీ ఒళ్లంతా ముందుకు తూగి, బరువు మరింతగా చేతుల మీద పడింది. సీటు ముందువెనకలు పెడల్‌కూ కాలికీ మధ్య పొందిక కోసం నిర్ణయించుకోవలసినవి. హ్యాండిల్ అందకపోతే మార్చవలసింది హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను.

చివరికి ఒక పాత మెకానిక్ ఆ పని చేశారు. 100 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 60 దాన్ని, కాస్త పైకి లేచి ఉన్నదాన్ని వేశారు. హ్యాండిల్ 680 మిల్లీమీటర్ల వెడల్పుంటే రెండు వైపులా 40 చొప్పున కోశారు. చివరలు ఒంటి వైపు కొద్దిగా వంగి ఉన్న హ్యాండిల్ తెప్పించుకోమన్నదీ ఆయనే. రెండు చేతులూ వదులుగా ముందుకు చాపి చూడండి, అరచేతులు నేరుగా నేలను చూడవు, కాస్త లోపలికి తిరిగి ఉంటాయి. తిన్నని కడ్డీని పట్టుకోవడానికి మణికట్టును మెలితిప్పాలి, వెనక్కి వంగినదానికి అక్కర్లేదు. ఆ తరవాత సన్నని గ్రిప్పులు వేసుకున్నాను. వేళ్ల తిమ్మిరి పోయింది. ఇవన్నీ చేసినా తగ్గనివాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి, నరం సంగతిని నిర్లక్ష్యం చేయకూడదు.

బ్రేకు పిడి గురించి కూడా ఆ మెకానికే చెప్పారు. చాలా బ్రేకు పిడులకు లోపలి వైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది బిగిస్తే పిడి హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. చిన్న చేతులవాళ్లకు, పిల్లలకు అది ప్రాణాలు కాపాడే స్క్రూ. వేళ్ల కొసలతో బ్రేకు అందుకోవడానికీ, వేళ్ల రెండో కణుపు దాకా చుట్టి పట్టుకోవడానికీ మధ్య ఆగే దూరంలో ఎంతో తేడా ఉంటుంది. సైకిలు కొన్నప్పుడు ఆ స్క్రూ ఉందని నాకెవరూ చెప్పలేదు. దాని గురించి మీ పత్రిక రెండు పంక్తులు రాసినా ఎందరికో మేలు జరుగుతుంది.

టైర్ల విషయంలో మీ వ్యాసంతో నాకు గట్టి విభేదమే ఉంది. టైరు పక్కన అచ్చువేసిన గాలి ఒత్తిడికి తక్కువ కాకుండా నింపమన్నారు. చాలా టైర్ల మీద ఉండే పెద్ద అంకె అంతకు మించి నింపవద్దన్న హద్దు, అంత నింపి తీరాలన్న ఆజ్ఞ కాదు. నా బరువు 50 కిలోలు, అన్నయ్యది 84. ఒకే టైరులో ఇద్దరం ఒకే ఒత్తిడి పెడితే ఆయనకు సరిపోయేది నాకు బండరాయిలా ఉంటుంది, రోడ్డు మీది ప్రతి గతుకూ మణికట్లకు చేరుతుంది. 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చింది కుదుపు తగ్గించడానికే. నిండా బిగించేసి ఆ సుఖాన్ని మనమే వదులుకోవడం దేనికి? ఫ్రేములో చోటుంటే 28 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు బదులు 35 వేసి, గాలి కొంచెం తగ్గించి చూడండి. సీటూ హ్యాండిలూ మార్చే ఖర్చు కొందరికి దానితోనే తప్పిపోతుంది. మరీ తగ్గించినా ప్రమాదమే, గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ నేలకూ మధ్య నలిగి చిరుగుతుంది.

ఇష్టానికి తావులేని చోట్లూ ఉన్నాయి, వాటి గురించీ చెప్పాలి. సీటు గొట్టం కనీసం ఎంత లోపల ఉండాలో చూపే, దాని మీది గీత ఫ్రేములోకి దిగి కనిపించకుండా ఉండాల్సిందే. ఎంత ఎత్తు కావలసినా ఆ గీత బయటికి రాకూడదు, పొడవైన గొట్టం కొనుక్కోవాలి. పాత రకం స్టెమ్‌కూ అలాంటి గీతే ఉంటుంది. ఎడమ పెడల్ మర ఎదురు వైపు తిరుగుతుంది, బలవంతంగా బిగిస్తే క్రాంకు పాడవుతుంది. టైరు కొలత అంగుళాల్లో చెప్పేది నమ్మకూడదు. 28 అంగుళాలన్న పేరుతోనే, రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం 622 మిల్లీమీటర్లున్నది కూడా ఉంది, 635 ఉన్నది కూడా ఉంది. ఒకదాని రిమ్ముకు రెండోదాని టైరు ఎక్కదు. వెడల్పునూ ఆ వ్యాసాన్నీ చెప్పే 37-622 వంటి అంకె టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, దాన్నే చూసుకోవాలి. హ్యాండిల్ పైకి ఎత్తినప్పుడు బ్రేకు తీగలు చాలుతున్నాయో లేదో, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

ఇంతగా సర్దుకోవడం చాదస్తమని కొందరు పెదవి విరుస్తారు. టూర్ డి ఫ్రాన్స్‌ను ఐదుసార్లు గెలిచిన సైకిలు పందెగాడు ఎడ్డీ మెర్క్స్ 1969లో ట్రాక్ మీద జరిగిన ఘోర ప్రమాదంలో దెబ్బ తిన్నారు. ఆ తరవాత సీటు మీద ఒంటికి ఎన్నడూ పూర్తి హాయి కుదరక, జేబులో బోల్టులు తిప్పే అలెన్ కీ పెట్టుకుని పందెం మధ్యలోనే సీటు ఎత్తు సవరించుకునేవారు. అంతటివారికే అవసరమైన పని మనం చేసుకుంటే చాదస్తం ఎలా అవుతుంది?

అయితే సర్దుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. సీటు ఎత్తుతో పాటు హ్యాండిల్ కూడా మారిస్తే నొప్పి దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో తెలియదు. మార్చేముందు పాత చోట చిన్న టేపు ముక్క అంటిస్తే వెనక్కి వెళ్లడం తేలిక. సీటు ఎత్తు కుదుర్చుకోవడానికి సులభమైన మార్గం మడమను పెడల్ మీద ఆనించి, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కాలు సరిగ్గా చాపుకునేలా పెట్టుకోవడం. తరవాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. తొడల నడుమ నుంచి నేల దాకా కొలిచిన కాలి పొడవును 0.883తో గుణించే లెక్క ఒకటి ఉంది, ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఆ ఎత్తు ఉండాలంటారు. నా 69 సెంటీమీటర్లకు 61 దగ్గర వస్తుంది. ఆ లెక్కను నేను ఆరంభంగానే తీసుకున్నాను. మందపాటి అడుగు ఉన్న చెప్పులు వేసుకున్న రోజు ఒక మాట, పలచని బూట్లు వేసుకున్న రోజు ఒక మాట అది చెప్పదు కదా.

ఇంకొక విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. పైకడ్డీ లేకుండా, కాలు ముందునుంచే దాటించి ఎక్కే ఫ్రేమును లేడీస్ సైకిలని పిలుస్తారు. దాంతో తుంటి గట్టిపడిన పెద్దాయనలు కూడా దాన్ని కొనడానికి నామోషీ పడి, కాలు వెనక్కి ఎత్తలేక పడిపోతున్నారు, లేదా తొక్కడమే మానేస్తున్నారు. మరోవైపు నేను వెళ్లి రోడ్డు సైకిలు అడిగితే, ఎత్తు చూసి పిల్లల వరసలోకి తీసుకెళ్లి రంగురంగులవి చూపిస్తారు. నా కొలతలు అడిగినవాళ్లు లేరు. పిల్లలకేమో ఎదుగుతారు కదా అని రెండు సైజులు పెద్దది కొనిపెడతారు. నేల మీద కాలు ఆనక, బ్రేకు అందక ఆ బిడ్డ మొదటి వారంలోనే భయపడిపోతే ఎదిగాక మళ్లీ ఎక్కుతాడన్న నమ్మకం ఏముంది?

కాబట్టి మీకూ, మీ పత్రిక చదివే తయారీదారులకూ, అమ్మకందారులకూ నా విన్నపం ఇది. ఈసారి సైకిళ్లను పోలుస్తూ పట్టిక వేసినప్పుడు గేర్ల సంఖ్య పక్కన క్రాంకు పొడవు, స్టెమ్ పొడవు, హ్యాండిల్ వెడల్పు, సీటు వెడల్పు, ఫ్రేములో పట్టే అతిపెద్ద టైరు కొలత కూడా వేయండి. ఈ ఐదు అంకెలూ తయారీదారుల దగ్గర ఉండేవే, అడిగితే చెబుతారు. అమ్మేవాళ్లు స్టెమ్, సీటు మార్పిడిని అమ్మకంలో భాగంగా చూడాలి. కొత్త సైకిలు నుంచి తీసిన స్టెమ్ ఇంకొక కొనుగోలుదారుకు పనికొస్తుంది, అది వృథా పోయేది కాదు. సీటు బాగుందో లేదో దుకాణం ముందు రెండు చుట్లు తిరిగితే తెలియదు, కనుక రెండు మూడు వెడల్పుల సీట్లను వారం రోజులు అరువిచ్చే ఏర్పాటు ఉండాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కొత్త రకంది అయితే, స్టెమ్ బిగించే దాని గొట్టాన్ని కొనేవాడు కొన్నాళ్లు తొక్కి హ్యాండిల్ ఎత్తు తేల్చుకునేదాకా పొట్టిగా కోయకండి. ఒకసారి కోస్తే మళ్లీ పెంచలేం.

వచ్చే సంచికల్లో ఈ విషయం మీద వివరంగా రాయించదలిస్తే, నా కొలతలూ మా అన్నయ్య కొలతలూ, మేము మార్చిన భాగాల వివరాలూ కాగితం మీద రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు